కొండదారుల బండికి సస్పెన్షన్ ఆర్మ్ జాయింట్లు ఎంచుకునే పద్ధతి

కడప జిల్లాలో ఫోర్ బై ఫోర్ బండి ఉన్నవారికి మూడు రకాల నేల తప్పదు: గండికోట చుట్టూ ఎర్రమల కొండల బండలు, పెన్నా నదిలోని ఇసుక, ప్రొద్దుటూరు, మైదుకూరు వైపు పొలాల నల్లరేగడి. బండల మీద యాక్సిల్ (రెండు చక్రాలను కలిపే ఇరుసు) ఒక పక్కకు ఒరిగినప్పుడు, చక్రాల భాగాన్ని ఛాసిస్‌కు కలిపే కంట్రోల్ ఆర్మ్ చివర ఉన్న జాయింటు మెలి తిరుగుతుంది. ఇసుక ఆ జాయింటులోకి దూరి లోహాన్ని అరగదీస్తుంది. రేగడి బురద సందుల్లో ఇరుక్కొని ఎండి, రాయిలా గట్టిపడి, రబ్బరు తొడుగులను చీలుస్తుంది. జాయింట్లు అమ్మేవారు మాత్రం అది ఎన్ని డిగ్రీలు వంగుతుందన్న ఒక్క అంకెనే ముందు పెడతారు. ఆ అంకె ముఖ్యమే గాని, మొదట చూడవలసినది అది కాదు. ఏ ఆర్మ్‌కు, ఏ చివర, ఎలాంటి కదలిక అవసరమో తేల్చుకున్న తరువాతే డిగ్రీల సంగతి, ధర సంగతి చూడాలి. ఎక్కువ వంగే జాయింటును అన్ని చోట్లా బిగించిన బండి కంటే, అవసరమైన ఒక చివర మాత్రమే బిగించి మిగిలిన చోట కంపెనీ రబ్బరు బుష్‌ను (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగును) ఉంచుకున్న బండి ఎక్కువ కాలం నిలుస్తుందని, రోజూ ఊళ్లో తిరగడానికి కూడా అదే మేలని నా గట్టి అభిప్రాయం.

ముందుగా మీ బండి కింద ఏముందో చూసుకోవాలి. మారుతి జిప్సీకి ముందూ వెనుకా లీఫ్ స్ప్రింగులే, అంటే కమాను పట్టీలే ఉంటాయి. 2010లో వచ్చిన పాత థార్‌కు వెనుక కమాను పట్టీలే. ఇలాంటి బండ్లలో ఆ చోట కంట్రోల్ ఆర్మ్‌లే లేవు కనుక ఈ జాయింట్ల ప్రసక్తి రాదు; పట్టీ చివర ఉండే షాకిల్ బుష్‌లు, పట్టీల మధ్య రాపిడి చూసుకుంటే చాలు. 2020లో వచ్చిన థార్‌కు, 2021 నాటి ఫోర్స్ గూర్ఖాకు ముందు వైపు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రానికి పైన ఒకటి, కింద ఒకటి ఆర్మ్), వెనుక కాయిల్ స్ప్రింగులతో మల్టీ లింక్ రిజిడ్ యాక్సిల్ (పలు ఆర్మ్‌లు పట్టి ఉంచే ఒకే గట్టి ఇరుసు) ఉన్నాయి. ముందు విష్‌బోన్ లోపలి బుష్ తలుపు మడతబందులా ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతుంది, పక్కలకు వంగవలసిన పని దానికి లేదు. అక్కడ ఖరీదైన ఫ్లెక్స్ జాయింటు, అంటే ఎక్కువ వంగే జాయింటు, వేయడం డబ్బు వృథా. ముందు భాగాన్ని ఎత్తు పెంచినప్పుడు నలిగేది చక్రం వైపు ఉన్న బాల్ జాయింటు, దాని సంగతి వేరు. ఈ బండ్లలో ఫ్లెక్స్ జాయింటుకు నిజంగా పని ఉన్నది వెనుక ఆర్మ్‌లలోనే.

జిమ్నీ కథ వేరు. దానికి ముందూ వెనుకా రిజిడ్ యాక్సిళ్లే; ఒక్కో వైపు ఉన్న పొడవాటి ఆర్మ్ యాక్సిల్ దగ్గర రెండు బుష్‌లతో, ఛాసిస్ దగ్గర ఒక బుష్‌తో పట్టుకొని ఉంటుంది. యాక్సిల్ దగ్గరి రెండు బుష్‌లు ఒకే ఆర్మ్‌కు కట్టుబడి ఉన్నందున, యాక్సిల్ ఒరిగినప్పుడు ఆ ఒరుగుదలలో చాలా భాగాన్ని ఆ రబ్బరే నలిగి భరించాలి. వాటిని గట్టి పాలీయురేథేన్ బుష్‌లతో మారిస్తే యాక్సిల్ ఒరగడమే తగ్గిపోతుంది, ఆ బలమంతా బ్రాకెట్ మీద, ఆర్మ్ మీద పడి చివరకు వెల్డు దగ్గర పగులు వస్తుంది. కాబట్టి జిమ్నీలో ఫ్లెక్స్ జాయింటు వేయదలిస్తే ఛాసిస్ చివర వేయాలి, యాక్సిల్ చివర మెత్తని రబ్బరునే ఉంచాలి.

కోణాన్ని కొలుచుకోవడం

జాయింటు ఎన్ని డిగ్రీలు వంగాలో ఊహించనక్కరలేదు, సమతలమైన గచ్చు మీద ఒక పూటలో కొలిచి తెలుసుకోవచ్చు. ఒక వెనుక చక్రాన్ని జాకీతో పైకి లేపుతూ పోవాలి. అదే యాక్సిల్‌కు రెండో చక్రం ఇంకా నేల మీద ఉండగా, ఛాసిస్ లేవబోయే క్షణంలో ఆపి, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు. ఫోన్‌లోని లెవెల్ యాప్‌ను యాక్సిల్ గొట్టం మీద ఒకసారి, ఛాసిస్ అడ్డ పట్టీ మీద ఒకసారి పెట్టి రెండింటి తేడా రాసుకుంటే అదే యాక్సిల్ ఒరుగుదల కోణం. లెక్కతో కూడా సరిచూసుకోవచ్చు: రెండు వెనుక చక్రాల మధ్య దూరం 140 సెంటీమీటర్లు ఉండి, ఒక చక్రం రెండోదాని కంటే 50 సెంటీమీటర్లు పైకి లేస్తే యాక్సిల్ సుమారు 20 డిగ్రీలు ఒరిగినట్టు.

ఈ 20 డిగ్రీలను ఆర్మ్ రెండు చివరలూ కలిసి పంచుకుంటాయి. ఇక్కడ ఒక తేడాను మనసులో ఉంచుకోవాలి. చక్రం పైకి కిందికి కదిలినప్పుడు ఆర్మ్ తన బోల్టు చుట్టూ తిరుగుతుంది. గుండు ఉన్న ఏ జాయింటుకైనా ఆ తిరుగుడుకు హద్దు లేదు. హద్దు ఉన్నది బోల్టు, హౌసింగు (గుండును పట్టి ఉంచే బయటి తొడుగు) ఒకదానికొకటి ఏటవాలుగా వంగే కదలికకే. ఒక చివర రబ్బరు బుష్ ఉంటే అది కొద్ది డిగ్రీలు మాత్రమే తీసుకొని మిగిలినదాన్ని రెండో చివరకు వదిలేస్తుంది. అందువల్ల ఆ రెండో చివర జాయింటు ఒక్కో వైపు 20 డిగ్రీల దాకా వంగగలిగితే నిశ్చింత. అమ్మే మనిషిని అడగవలసిన ప్రశ్న కూడా ఇక్కడే ఉంది: మీరు చెప్పే 30 డిగ్రీలు రెండు వైపులా కలిపి మొత్తమా, లేక ఒక్కో వైపా? కొందరు మొత్తాన్ని చెబుతారు, కొందరు ఒక్కో వైపును చెబుతారు. ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే మీకు కావలసినదాంట్లో సగమే వంగే వస్తువు చేతికి వస్తుంది. జాయింటు తన హద్దుకు చేరాక కూడా యాక్సిల్ ఇంకా ఒరుగుతుంటే ఆ హౌసింగు బ్రాకెట్‌ను గునపంలా మీటడం మొదలుపెడుతుంది, బోల్టు వంగుతుంది.

ఏ జాయింటు ఏమి చేస్తుంది

కంపెనీ రబ్బరు బుష్‌లో లోపలి ఇనుప గొట్టానికీ బయటి తొడుగుకూ రబ్బరు అతుక్కొని ఉంటుంది. అది జారదు, నలుగుతూ, మెలితిరుగుతూ కదలికను ఇస్తుంది. గ్రీజు అక్కరలేదు, శబ్దం రాదు, దుమ్ము దూరే సందు లేదు, రోడ్డు అదురును మింగుతుంది. దీన్ని తక్కువగా చూడకూడదు. దీని ఆయువును తగ్గించేది చాలాసార్లు బిగించే పద్ధతే. బండిని లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టును పూర్తిగా బిగిస్తే లోపలి గొట్టం ఆ స్థితిలోనే పట్టుకుపోతుంది; బండిని కిందికి దించగానే రబ్బరు అంతసేపూ మెలితిరిగే ఉంటుంది, కొన్నాళ్లకే అతుకు దగ్గర చీలుతుంది. కాబట్టి నాలుగు చక్రాలూ నేల మీద ఆని, బండి బరువు స్ప్రింగుల మీద పడిన తరువాతే చివరి బిగింపు ఇవ్వాలి. బండిని ఎత్తు పెంచినవారు కూడా పాత బోల్టులను ఒకసారి వదులు చేసి, కొత్త ఎత్తులో మళ్లీ బిగించుకోవాలి. ఖర్చు లేని ఈ చిన్న పని చాలా గ్యారేజీల్లో జరగడం లేదు, అందుకే ఇంతగా చెబుతున్నాను. మన దగ్గర వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండకు రబ్బరు పైపొర సన్నగా పగలడం సహజమే. పగులు లోతుగా దిగి, వేలితో నొక్కితే నోరు తెరుచుకుంటే మాత్రం మార్చాలి.

పాలీయురేథేన్ బుష్ గొట్టానికి అతుక్కొని ఉండదు, దాని చుట్టూ జారుతుంది. అరుగుదల తక్కువ, కానీ పక్కకు వంగడం రబ్బరు కంటే తక్కువే. రోడ్డు మీద మలుపుల్లో బండిని గట్టిగా పట్టి ఉంచాలనుకునేవారికి ఇది సరే గాని, బండలెక్కే బండిలో మల్టీ లింక్ ఆర్మ్‌ల రెండు చివరలా ఇదే వేస్తే సస్పెన్షన్ ఒరగడం మానేసి, బండి ఒరగకుండా పట్టే పెద్ద యాంటీ రోల్ బార్‌లా పనిచేస్తుంది. గ్రీజు ఆరిపోతే కిర్రుమంటుంది. దీనికి మామూలు చాసిస్ గ్రీజు వాడకుండా తయారీదారు చెప్పిన గ్రీజే, ఎక్కువగా సిలికాన్ రకమే, పెట్టాలి.

మూడోది రాడ్ ఎండ్, దాన్నే హేమ్ జాయింట్ అంటారు. రాయలసీమ రైతుకు దీన్ని వివరించడం తేలిక: ట్రాక్టరు టాప్ లింకు చివర కంటిలో తిరిగే గుండు ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే, ఉక్కు వలయంలో ఉక్కు గుండు, వెనుక మరలు కోసిన కాడ. అయితే పోలిక అక్కడితో సరి. టాప్ లింకు గుండు లూజుగా ఉన్నా నాగలికి ఇబ్బంది లేదు, అందుకే దాన్ని లూజుగానే చేస్తారు. ఆ చివరను కోసి బండి సస్పెన్షన్‌కు వెల్డు చేయించడం ప్రాణాపాయం. బేరింగు షాపుల్లో హైడ్రాలిక్ సిలిండర్ల కోసం అమ్మే రాడ్ ఎండ్‌లు కూడా చూడడానికి ఇలాగే ఉంటాయి గాని వాటిలో చాలా వాటి కాడ ఈ రకమైన గుద్దుళ్ల కోసం చేసింది కాదు. సస్పెన్షన్‌కు క్రోమ్‌మాలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన) ఉక్కు కాడ, గట్టిపరచిన బేరింగ్ ఉక్కు గుండు ఉన్నవే తీసుకోవాలి. హేమ్ జాయింట్ బలం గొప్పది, కొత్తగా ఉన్నప్పుడు లూజు దాదాపు ఉండదు, పరిమాణం చిన్నది. దాని లోపం ఏమిటంటే, లోహం మీద లోహం గనుక రోడ్డు మీది ప్రతి గులకరాయి చప్పుడూ క్యాబిన్‌లోకి వస్తుంది. పెన్నా ఇసుకలో, మంగంపేట ముగ్గురాయి గనుల దారుల్లాంటి సన్నని దుమ్ములో అరుగుదల త్వరగా మొదలవుతుంది. రబ్బరు బూటు తొడిగితే కొంత మేలు, కానీ చిరిగిన బూటు అసలు బూటు లేకపోవడం కంటే చేటు, ఎందుకంటే అది బురదను లోపలే దాచుకుంటుంది. కోణం పెంచడానికి గుండుకు రెండు వైపులా వేసే మిస్‌అలైన్‌మెంట్ స్పేసర్ల వల్ల బోల్టు సన్నబడుతుందన్న సంగతి కూడా గమనించాలి. కోణం కోసం బోల్టు బలాన్ని వదులుకుంటున్నామన్నమాట.

నాలుగోది రబ్బరు బుష్‌కూ హేమ్ జాయింటుకూ మధ్యది. అమెరికాలోని కర్రీ సంస్థ జానీ జాయింట్ పేరుతో తెచ్చిన ఈ రకంలో ఉక్కు గుండు ఉంటుంది, కానీ అది రెండు పాలీయురేథేన్ గిన్నెల మధ్య కూర్చుంటుంది, బయట ఉక్కు హౌసింగు, ఆ గిన్నెలను లోపల పట్టి ఉంచే స్నాప్ రింగు, గ్రీజు పెట్టే నిప్పల్. ఇదే పద్ధతిలో వేరే కంపెనీలు చేసినవీ దొరుకుతాయి. ఇది హేమ్ అంత చప్పుడు చేయదు, రబ్బరు కంటే ఎంతో ఎక్కువ వంగుతుంది. అరిగినప్పుడు జాయింటు మొత్తాన్ని పారేయకుండా లోపలి గిన్నెలను, అవసరమైతే గుండును మార్చి మళ్లీ బిగించుకోవచ్చు. ఊళ్లోనూ కొండల్లోనూ ఒకే బండి నడిపేవారికి నేను సూచించేది ఇదే. కొనే ముందు రిపేరు కిట్టు విడిగా దొరుకుతుందా అని అడగాలి, కుదిరితే జాయింటుతో పాటే ఒక కిట్టు తెప్పించుకోవాలి. విడిభాగం దొరకని జాయింటు ఎంత మంచిదైనా ఒకసారి వాడి పారేసేదే అవుతుంది.

బలం లెక్క

వంగే కోణం ఎంత ముఖ్యమో మోసే బరువు అంతకంటే ముఖ్యం. వెనుక యాక్సిల్ మీద 1,000 కిలోల భారం ఉన్న బండి గరుకు బండ మీద ఎక్కుతున్నప్పుడు చక్రాలు జారకుండా పట్టుకుంటే నేల దగ్గర ముందుకు తోసే బలం సుమారు 1,000 కిలోల దాకా ఉండవచ్చు. కింది ఆర్మ్‌లు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, పై ఆర్మ్‌లు వాటికి 20 సెంటీమీటర్లు పైన ఉన్నాయనుకుందాం. నేల దగ్గరి బలం యాక్సిల్‌ను తిప్పబోతుంది, ఆ తిప్పుడును రెండు వరుసల ఆర్మ్‌లు ఎదురెదురుగా లాగి ఆపుతాయి. లెక్క వేస్తే కింది రెండు ఆర్మ్‌ల మీద కలిపి 2,500 కిలోల తోపుడు, పై రెండింటి మీద కలిపి 1,500 కిలోల లాగుడు పడతాయి. అంటే కింది ఒక్కో ఆర్మ్ మీద 1,250 కిలోలు. పై ఆర్మ్‌ల కంటే కింది ఆర్మ్‌లకు పెద్ద జాయింట్లు ఎందుకు వేయాలో ఈ లెక్కే చెబుతుంది. ఒక చక్రం గాలిలో ఉండి రెండోదే లాగుతున్నప్పుడు భారం ఒక వైపుకే పోతుంది, పైగా గుంతలో దబ్బున పడినప్పుడు తగిలే దెబ్బ వేరు. అందువల్ల లెక్కలో వచ్చినదానికి కనీసం 4 రెట్లు, బండలెక్కే అలవాటున్నవారు 5 రెట్లు బలం ఉన్న జాయింటు తీసుకోవడం మంచిది. ఆ బలాన్ని కిలోన్యూటన్లలో ఇస్తారు. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోలు. రెండు రకాల అంకెలు ఇస్తే, కాడ దిశలో తోపుడూ లాగుడూ పడినప్పటి రేడియల్ అంకెనే చూడాలి. బోల్టు దిశలో భరించే బలం దానికంటే చాలా తక్కువ ఉంటుంది. ఏ అంకే ఇవ్వని జాయింటును ఎంత చవకైనా కొనవద్దు.

ఇక ఏ చివర ఏది? రెండు చివరలా గుండు జాయింట్లు వేస్తే ఆర్మ్ తన పొడవు చుట్టూ తానే దొర్లుతుంది. తిన్నని గొట్టానికి దానివల్ల నష్టం లేదు. కానీ రాళ్లు తగలకుండా మధ్యలో పైకి వంచిన ఆర్మ్ అయితే ఆ వంపు దొర్లి కిందికి తిరుగుతుంది, అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది. అందుకని వంపు ఆర్మ్‌కు ఒక చివర తప్పనిసరిగా బుష్ ఉండాలి. మల్టీ లింక్ వెనుక యాక్సిల్‌కు నేను చెప్పే అమరిక ఇది: కింది ఆర్మ్‌లకు యాక్సిల్ చివర రబ్బరు బుష్, ఛాసిస్ చివర పాలీ గిన్నెల గుండు జాయింటు. యాక్సిల్ చివర నీళ్లలో, బురదలో ఎక్కువ మునిగేది కనుక సందు లేని రబ్బరు అక్కడ ఉండాలి, గ్రీజు పెట్టుకోవలసినది కాస్త ఎత్తులో ఉండాలి. పై ఆర్మ్‌లకు మొదట ఏమీ మార్చకుండా నడిపి చూసి, ఒరుగుదల ఇంకా చాలదనిపిస్తేనే ముట్టుకోవాలి. యాక్సిల్‌ను పక్కలకు జరగకుండా పట్టే పాన్‌హార్డ్ రాడ్‌కు మాత్రం లూజు ఏ కొంచెం ఉన్నా హైవే మీద బండి వెనుక భాగం పక్కకు తోసినట్టు తెలుస్తుంది, ముందు యాక్సిల్‌లోనైతే స్టీరింగు వణకడానికి కారణమవుతుంది. అక్కడ మెత్తదనం కంటే బిగువే ముఖ్యం.

బిగింపు, వెల్డింగు

పొడవు సవరించుకునే ఆర్మ్ చేయిస్తుంటే ఒక చివర కుడి మర, రెండో చివర ఎడమ మర ఉండేలా చూడాలి. అప్పుడు ఆర్మ్‌ను విప్పకుండానే గొట్టాన్ని తిప్పి పొడవు మార్చవచ్చు. కాడ లోపలికి దిగిన మర దాని వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. 20 మిల్లీమీటర్ల కాడ అయితే 30 మిల్లీమీటర్లు. కాడ తిరగకుండా బిగించి ఉంచే జామ్ నట్టు వదులైతే మర అటూ ఇటూ కొట్టుకొని కొద్ది ప్రయాణాలకే పాడవుతుంది, కనుక పెయింటుతో గీత గీసి ఉంచి, ఆ గీత కలిసి ఉందో లేదో చూసుకుంటే సరిపోతుంది.

బోల్టు 10.9 గ్రేడుది కావాలి, అది తల మీదే ముద్రించి ఉంటుంది. బ్రాకెట్ రెండు రేకుల్లోంచీ వెళ్లే చోట బోల్టుకు మర లేని నున్నటి భాగమే ఉండాలి. జాయింటు గుండు బ్రాకెట్ రేకుల మధ్య గట్టిగా నొక్కుకొని, బోల్టు, గుండు ఒక్కటిగా నిలవాలి. సందు ఉంటే వాషర్లతో నింపే పని చేయకుండా సరైన కొలత స్పేసర్లు లేత్ మీద చేయించుకోవాలి. వెల్డింగు విషయంలో మాత్రం దగ్గరుండి చూసుకోవలసినది ఒకటుంది. హౌసింగును గొట్టానికి అతికించే ముందు స్నాప్ రింగు తీసి, గుండును, పాలీ గిన్నెలను పూర్తిగా బయటకు తీసేయాలి. లోపల ఉంచి వెల్డు చేస్తే వేడికి గిన్నెలు కరిగి, పైకి బాగానే కనిపించినా లోపల వదులైపోతాయి. వెల్డు చేశాక నీళ్లు పోసి చల్లార్చకూడదు, దానంతట అది చల్లారాలి. ఆ తరువాత లోపలి గోడ మీది మసిని, చిట్లిన లోహపు చుక్కలను నున్నగా తుడిచి, గ్రీజు పూసి గిన్నెలు కూర్చోబెట్టాలి.

చట్టం సంగతి కూడా ముందే చూసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని అనుమతించదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే చెప్పింది. అరిగిన బుష్ స్థానంలో అదే కొలత బుష్ వేయడం మరమ్మతు. కొత్త ఆర్మ్‌లు, పెంచిన ఎత్తు వేరే సంగతి. రవాణా శాఖ కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకొని పనికి దిగడం మేలు. లంకమల అభయారణ్యం లాంటి అటవీ ప్రాంతాల్లోకి అటవీ శాఖ అనుమతి లేకుండా బండి తిప్పకూడదని వేరే చెప్పనక్కరలేదు.

నిర్వహణలో మొదటి నియమం నీళ్లు తగిలిన రోజే గ్రీజు. పెన్నా దాటి వచ్చాక గ్రీజు గన్‌తో నిప్పల్‌లోకి కొత్త గ్రీజు ఎక్కిస్తూ, అంచుల నుంచి మురికి గ్రీజు బయటకు వచ్చి, దాని వెనుక శుభ్రమైన రంగు కనిపించేదాకా ఆపకూడదు. రేగడి బురద అంటితే తడిగా ఉండగానే కడగాలి. అయితే ప్రెషర్ వాషర్ ముక్కును జాయింటు అంచు మీదికి నేరుగా పట్టకూడదు, అది మట్టిని లోపలికే తోస్తుంది.

లూజు చూడడానికి ఇద్దరు కావాలి. సమతలం మీద ఇంజన్ ఆపి, చక్రాలకు ముందూ వెనుకా రెండు మూడు అంగుళాలు వదిలి రాళ్లు పెట్టి, బండిని న్యూట్రల్‌లో ఉంచి, ఒకరు బంపరు పట్టుకొని ముందుకూ వెనక్కూ ఊపాలి. ఆ ఊపుడు జాయింట్లకు అందేలా డ్రైవరు స్థానంలో మూడో మనిషి బ్రేకు తొక్కి ఉంచగలిగితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. జాయింటు దగ్గర చూసే మనిషి బండి పక్క నుంచి చెయ్యి చాచి, వేలి కొసను సగం బ్రాకెట్ మీద, సగం హౌసింగు మీద ఆనించాలి. రెండూ కలిసి కదిలితే జాయింటు బాగుంది. వేలి కింద ఒకటి ముందు, ఒకటి వెనుక కదిలి టక్కుమని తగిలితే గిన్నెలు అరిగినట్టు, లేదా బోల్టు రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగినట్టు. ఈ రెండో సంగతి తేల్చుకోకుండా కొత్త గిన్నెలు వేయవద్దు; బోల్టు తీసి రంధ్రం చూసి, సాగి ఉంటే బ్రాకెట్ మీద గట్టి వాషరు రేకు వెల్డు చేయించి, రంధ్రాన్ని సరైన కొలతకు మళ్లీ తీయించి, కొత్త బోల్టుతోనే బిగించాలి.